వ్యాధినామం - వ్యక్తి: 'అసమర్థుని జీవయాత్ర' పఠనంలో రోగనిర్ధారణ పరిమితులు

వ్యాససంగ్రహం:

మానసిక రోగనిర్ధారణ చికిత్సకు దారి చూపే సాధనం. అది వైద్యుని గది దాటి కుటుంబంలోకి, పెళ్లి సంబంధాల్లోకి, న్యాయస్థానంలోకి వెళ్లినప్పుడు వ్యక్తిని గురించిన తుదితీర్పుగా మారే ప్రమాదం ఉంది. పాత్రలకు వ్యాధినామాలు పెట్టే సాహిత్యవిమర్శ కూడా తెలియకుండానే ఇదే పని చేస్తుంది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లోని సీతారామారావు పాత్రకు 'ఆత్మన్యూనతాభావం' అనే మాట స్థిరపడిపోయిన తీరు ఇందుకు ఉదాహరణ. ఆ మాట ఏమి వివరిస్తుంది, దేన్ని కప్పిపెడుతుంది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రోగనిర్ధారణ ప్రమాణాల పరిమితులు, తెలుగు నుడికారం, 'సమర్థత'ను గురించి 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన నిర్వచనం ఈ పరిశీలనకు ఆధారాలు.

కీలకపదాలు: రోగనిర్ధారణ, వ్యాధినామం, ఆత్మన్యూనత, అసమర్థత, గోపీచంద్, బుచ్చిబాబు, మనోవైజ్ఞానిక నవల.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో మనోవైజ్ఞానిక నవల ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ మొదట వినిపించే పేర్లలో త్రిపురనేని గోపీచంద్ (1910-1962) రచించిన 'అసమర్థుని జీవయాత్ర' ఒకటి. తరగతిగదిలోనైనా సిద్ధాంతగ్రంథంలోనైనా ఈ నవలపై చర్చ తరచుగా ఒకే ప్రశ్నతో మొదలై ఒకే జవాబుతో ముగుస్తుంది. సీతారామారావు ఎందుకు పతనమయ్యాడు? ఆత్మన్యూనతాభావం వల్ల. జవాబు క్లుప్తంగా ఉంటుంది, పరీక్షాపత్రానికి అనువుగా ఉంటుంది. అయితే ఆ మాట చెప్పిన తరువాత నవలను మళ్లీ తెరవవలసిన అవసరం లేదన్న భావన కలుగుతుంది. చర్చను ముందుకు నడిపించవలసిన మాటే చర్చను ముగిస్తుంది.

వైద్యరంగంలోనూ ఇటువంటిదే జరుగుతుంది. ఒక మనిషికి 'స్కిజోఫ్రెనియా' అనో 'బైపోలార్' అనో పేరు పెట్టాక అతని కోపం, మౌనం, అలక, భక్తి అన్నీ ఆ పేరుకు సాక్ష్యాలుగా కనిపించడం మొదలవుతుంది. అతనికి న్యాయమైన కోపం వచ్చినా 'మందు వేసుకున్నావా?' అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నలో ప్రేమ ఉండవచ్చు. అతను చెప్పదలచుకున్న విషయం మాత్రం అక్కడితో వినబడకుండా పోతుంది. విమర్శ పాత్రపట్ల చేసే పని, సమాజం మనిషిపట్ల చేసే పని ఒకే స్వభావం కలవి కనుక ఈ రెంటినీ కలిపి పరిశీలించడం అవసరం.

2. రోగనిర్ధారణ - ప్రయోజనం, పరిధి:

రోగనిర్ధారణను పూర్తిగా తోసిపుచ్చడం బాధ్యతగల వాదన కాదు. పేరు తెలియని బాధకు పేరు దొరికినప్పుడు కలిగే ఊరట చిన్నది కాదు. 'ఇది నా తప్పు కాదు, ఇది ఒక జబ్బు, దీనికి మందు ఉంది' అన్న ఎరుక ఎన్నో ప్రాణాలను నిలబెట్టింది. వైకల్య ధ్రువపత్రం, బీమా, సెలవు వంటి హక్కులకు ఆ పేరే ఆధారం. 2015-16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, వేర్వేరు రుగ్మతలలో చికిత్స అందనివారి శాతం 70 నుంచి 92 వరకు ఉంది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు లేవు. పేరే దొరకనివారి సంఖ్య ఇంత పెద్దదైన దేశంలో పేరు పెట్టడమే నేరమని వాదించడం సమంజసం కాదు.

అయితే ఆ పేరు ఎటువంటిదో తెలియాలి. మధుమేహానికి రక్తపరీక్ష ఉన్నట్లు అధిక మానసిక రుగ్మతలకు ప్రయోగశాల పరీక్ష లేదు. లక్షణాలను విని, చూసి, లెక్కించి నిర్ణయించాలి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రచురించే నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం 1952లో మొదలైంది. 1980 నాటి మూడవ కూర్పుతో స్పష్టమైన లక్షణాల పట్టికలు ప్రధానమయ్యాయి. వైద్యులు ఒకే రోగికి వేర్వేరు పేర్లు పెట్టే పరిస్థితిని తగ్గించడం వాటి ఉద్దేశం.

2013 నాటి అయిదవ కూర్పులో కుంగుబాటుకు ఇచ్చిన ప్రమాణాలే చూడవచ్చు. తొమ్మిది లక్షణాల్లో కనీసం అయిదు రెండు వారాలపాటు ఉండాలి. దిగులు, ఆసక్తి కోల్పోవడం అనే రెంటిలో ఒకటైనా వాటిలో ఉండాలి. ఈ నియమాన్ని లెక్కవేస్తే ఒకే పేరు కిందికి రాగల లక్షణాల కలయికలు 227. అయిదేసి లక్షణాలున్న ఇద్దరు వ్యక్తులకు ఉమ్మడిగా ఒక్క లక్షణమే ఉండి, ఇద్దరికీ ఒకే పేరు రావచ్చు. నిద్ర పట్టక, తిండి సహించక, చావు ఆలోచనలతో నలిగే మనిషి, రోజంతా నిద్రపోతూ ఏ పనిమీదా ధ్యాస నిలపలేని మనిషి ఒకే పేరు కింద చేరతారు. పేరు ఒక్కటే, జీవితాలు రెండు.

పేర్ల సరిహద్దులు కూడా స్థిరమైనవి కావు. స్వలింగాకర్షణను రుగ్మతల జాబితా నుంచి తొలగించాలని అమెరికన్ సంఘం 1973లో నిర్ణయించింది. ఆ ముందురోజుకూ మరునాటికీ ఆ మనుషులలో వచ్చిన మార్పు ఏమీ లేదు. ఆత్మీయుల మరణం తరువాత రెండు నెలలలోపు కనిపించే దుఃఖలక్షణాలను సాధారణంగా కుంగుబాటుగా లెక్కించరాదన్న మినహాయింపు నాలుగవ కూర్పులో ఉంది, అయిదవ కూర్పులో లేదు. శోకం ఎక్కడ ముగిసి రోగం ఎక్కడ మొదలవుతుందన్న గీతను మనుషులే గీస్తారు, మనుషులే చెరిపి మళ్లీ గీస్తారు.

ఇక్కడ తత్త్వవేత్త ఇయాన్ హాకింగ్ చేసిన ప్రతిపాదన ఉపకరిస్తుంది. రాయికి 'గ్రానైటు' అని పేరు పెడితే రాయి మారదు. మనిషికి పేరు పెడితే ఆ పేరు మనిషికి తెలుస్తుంది, దాని వెలుగులో అతను తనను తాను చూసుకుంటాడు, నడవడి మార్చుకుంటాడు, దానితో ఆ పేరు అర్థమే మారుతుంది. రోగనిర్ధారణ మనిషిని వర్ణించడంతో ఆగదు, కొంతమేరకు తయారుచేస్తుంది కూడా.

3. తెలుగు నుడికారంలో పిచ్చి:

ఈ విషయంలో తెలుగు వ్యాకరణం ఆసక్తికరమైన సాక్ష్యాన్ని అందిస్తుంది. 'అతనికి జ్వరం వచ్చింది', 'ఆమెకు దిగులుగా ఉంది', 'వాడికి పిచ్చి పట్టింది' వంటి వాక్యాలలో అనుభవించే వ్యక్తి 'కి/కు' విభక్తిలో ఉంటాడు. బాధ అతని దగ్గరికి వచ్చేది, అతన్ని పట్టుకునేది, ఎప్పుడో వదిలిపోయేది. మనిషి వేరు, బాధ వేరు అన్న ఎడం ఆ విభక్తిలోనే ఉంది. పిచ్చికి విషయం కూడా ఉంటుంది: పుస్తకాల పిచ్చి, సినిమా పిచ్చి, పదవి పిచ్చి. 'పిచ్చితల్లీ' అని బిడ్డను దగ్గరికి తీసుకునేదీ ఆ మాటతోనే.

దీన్నిబట్టి పాతకాలపు తెలుగు సమాజం దయగలదని తేల్చడానికి వీలులేదు. 'పిచ్చివాడు' అన్న నామవాచకం కూడా ఆ భాషలోనిదే. దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టినవారూ ఆ విభక్తినే వాడారు. హైదరాబాదులో 'ఎర్రగడ్డ' అన్న స్థలనామం అక్కడి మానసిక చికిత్సాలయం కారణంగా ఎగతాళిమాటగా మారింది. 'పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట' అన్న సామెత మరింత నిర్దయమైనది. ఒకసారి ఆ పేరు పడ్డవాడు 'నాకు నయమైంది' అన్నా ఆ మాటే అతని పిచ్చికి రుజువవుతుందని దాని ధ్వని.

1973లో డేవిడ్ రోజెన్‌హాన్ 'సైన్స్' పత్రికలో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధనపత్రం చెప్పిందీ దాదాపు ఇదే. గొంతులు వినిపిస్తున్నాయని అబద్ధం చెప్పి ఆసుపత్రుల్లో చేరినవారు ఆ తరువాత మామూలుగా ప్రవర్తించినా, వారు నోటుపుస్తకంలో రాసుకోవడాన్ని కూడా సిబ్బంది రోగలక్షణంగా నమోదు చేశారని ఆ పత్రం పేర్కొంది. 2019లో సుసానా కహలాన్ వెలువరించిన గ్రంథం ఆ పరిశోధన విశ్వసనీయతపై తీవ్రమైన సందేహాలు లేవనెత్తింది. కనుక దానిని రుజువుగా స్వీకరించడం కుదరదు. అయినా అది అడిగిన ప్రశ్న నిలిచే ఉంది: పేరు పడిన మనిషి ఆ పేరుకు వెలుపల నిలబడి మాట్లాడగల చోటు ఎక్కడ?

నేటి తెలుగులో 'ఆమెకు బైపోలార్ ఉంది' అన్న వాక్యం పక్కనే 'ఆమె బైపోలార్' అన్న వాక్యం చేరుతోంది. 'కి/కు' పోయి ప్రథమ వచ్చింది. బాధకూ మనిషికీ మధ్య ఉన్న ఎడం చెరిగిపోయింది. సాహిత్యవిమర్శలో 'సీతారామారావు ఆత్మన్యూనతాభావ పీడితుడు' అన్నప్పుడు జరిగేదీ ఈ విభక్తి మార్పే.

4. శీర్షికే ఒక నిర్ధారణ:

ఈ నవలలో పాఠకునికి కథానాయకుని కంటే ముందు ఎదురయ్యేది అతనిపై వేసిన ముద్ర. 'అసమర్థుడు' అన్న మాట ముఖపత్రం మీదే ఉంది. అతను నోరు తెరవకముందే నిర్ధారణ జరిగిపోయింది. అయితే శీర్షికలో రెండవ మాట కూడా ఉంది. 'అసమర్థుడు' కదలని నామం, 'జీవయాత్ర' కదలిక. మొదటిది తీర్పు, రెండవది ప్రయాణం. నవల బలమంతా ఈ రెండు మాటల మధ్య ఉన్న ఘర్షణలోనే ఉంది. విమర్శ చాలావరకు మొదటి మాటను పట్టుకుని రెండవదాన్ని వదిలేసింది.

సీతారామారావు కలిగిన కుటుంబంలో పుట్టినవాడు. తండ్రి నుంచి అతనికి సంక్రమించిన వారసత్వంలో ఆస్తి కంటే బరువైనది వంశప్రతిష్ఠను నిలబెట్టవలసిన బాధ్యత. ప్రతిష్ఠకు ఖర్చు కావాలి. ఆస్తి కరిగిపోతుంది, ప్రతిష్ఠపట్ల ఆశ కరగదు. చేతిలో ఏమీ మిగలని స్థితిలో కూడా ఇచ్చేవాడిగా కనిపించాలన్న తపన అతన్ని విడువదు. లోకం మీద, బంధువుల మీద, భార్య ఇందిర మీద విరుచుకుపడతాడు. తన ప్రతి ఓటమికీ ఒక సిద్ధాంతం అల్లుకుంటాడు. చివరకు శ్మశానంలో అతని కథ ముగుస్తుంది.

ఈ పతనాన్ని ఒక్క మనిషి మనస్సులోని లోపంగా చదివితే నవలలోని సగం కనిపించకుండా పోతుంది. ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో కోస్తా గ్రామాల్లో భూమి, పరపతి, మర్యాద ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న వ్యవస్థలో, భూమి చేజారినా మర్యాదను మాత్రం నిలుపుకోవాలని కొడుకును ఆదేశించే సమాజం అతని వెనుక ఉంది. నెరవేర్చడానికి సాధ్యంకాని బాధ్యతను అప్పగించి, నెరవేర్చలేనివాడిని 'అసమర్థుడు' అని పిలిచేదీ ఆ సమాజమే. వ్యాధినామం ఈ రెండవ భాగస్వామిని విచారణ నుంచి తప్పిస్తుంది.

5. 'ఆత్మన్యూనత' అన్న సమాధానం:

ఈ మాట మూలం ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ (1870-1937) మనోవిజ్ఞానంలో ఉంది. తెలుగు విమర్శ దీనిని రోగనామంగా వాడటంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, న్యూనతాభావన ఆడ్లర్ దృష్టిలో కొందరికే ఉండే జబ్బు కాదు. అది మనుషులందరిలో ఉండేది, పసితనపు నిస్సహాయతలో పుట్టేది, ఎదగడానికి ప్రేరణనిచ్చేది. అది మనిషిని అణచివేసే స్థాయికి చేరినప్పుడే సమస్య. అందరికీ ఉన్నదాన్ని ఒక్కరి పతనానికి కారణంగా చూపితే వివరణ పూర్తికాదు. అది ఈ మనిషిలోనే ఎందుకు అణచివేతగా మారిందన్నది అసలు ప్రశ్న.

రెండవది, మనిషిని అర్థం చేసుకోవడానికి అతను తనకు తెలియకుండానే నిర్దేశించుకున్న లక్ష్యం ఏమిటో చూడాలని ఆడ్లర్ చెప్పాడు. అతని ఆలోచనను నిజంగా అనుసరించే విమర్శ 'ఆత్మన్యూనత' దగ్గర ఆగదు. సీతారామారావు ఎవరి కళ్లలో, ఏ రూపంలో నిలబడాలనుకున్నాడని అడుగుతుంది. దానికి జవాబు తండ్రి దగ్గరికి, ఊరి దగ్గరికి, ప్రతిష్ఠ అనే విలువ దగ్గరికి తీసుకుపోతుంది. ఆడ్లర్ పేరుతో ఆడ్లర్ అడిగిన ప్రశ్ననే మరచిపోవడం ఇక్కడ జరిగింది. అంతేగాక, 'ఆత్మన్యూనత' నేటి డీఎస్ఎంలో గానీ, 2022 నుంచి అమలులో ఉన్న ఐసీడీ-11లో గానీ ఒక ప్రత్యేక రుగ్మతగా లేదు. తెలుగు సిద్ధాంతగ్రంథాల్లో అంత సులువుగా కనిపించే 'వ్యాధి' వైద్యుల పట్టికలో లేదు.

నవలలోనే దీనికి భిన్నమైన మార్గం ఒకటి ఉంది. రామయ్య తాత సీతారామారావుతో మాట్లాడతాడు. ఆ సంభాషణల్లో సీతారామారావు పరీక్షకు వచ్చిన రోగి కాడు, ఎదుటివాడితో వాదించగల మనిషి. తాత మాటలు అతన్ని కాపాడలేకపోయాయన్నది నిజమే. కానీ ఇతరులు తీర్పు చెప్పిన చోట ఒకరు సంభాషణకు సిద్ధపడ్డారన్నది నవల నిర్మాణంలో గమనించవలసిన అంశం. సీతారామారావు చేసే తర్కంలో స్వీయవంచన ఉంది. అదే తర్కంలో లోకపు స్వార్థాన్ని గురించిన సూటి గమనింపులూ ఉన్నాయి. రోగి మాటగా కొట్టిపారేస్తే రెండవది కూడా మొదటిదానితోపాటు కొట్టుకుపోతుంది.

6. పేరు వారసత్వమైనప్పుడు - 'చివరకు మిగిలేది':

బుచ్చిబాబు (1916-1967) 'చివరకు మిగిలేది' నవల ముద్ర సమస్యను మరో వైపు నుంచి చూపుతుంది. దయానిధిని వెంటాడేది అతను చేసిన పని కాదు, తల్లిని గురించి లోకం చెప్పుకున్న మాట. అది నిందేగానీ వైద్యులు పెట్టిన పేరు కాదు. అయినా అది పనిచేసే పద్ధతి వ్యాధినామం పద్ధతే. ఒకరిమీద పడి రక్తసంబంధం వెంట పాకుతుంది. ఒక ఇంట్లో ఒకరికి మానసిక రుగ్మత ఉందని తెలిస్తే ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధాలు రావడం ఆగిపోవడం తెలుగు కుటుంబాలకు కొత్త సంగతి కాదు. ఆ భయంతోనే మందులచీటీలు బీరువాల అడుగున దాగుతాయి, చికిత్స ఆలస్యమవుతుంది. పేరు పెట్టడం వల్ల కలిగే మేలును పేరుపట్ల ఉన్న భయమే హరించివేస్తుంది.

దయానిధి వైద్యవిద్య చదివినవాడు కావడం గమనార్హం. ఇతరుల బాధకు పేరు పెట్టడం నేర్చినవాడికి తన బాధకు పేరు దొరకదు. మనోవిశ్లేషణ విమర్శ అతని బదులు ఆ పనికి పూనుకుని మాతృసంబంధమైన గ్రంథిని గుర్తించింది. ఆ గుర్తింపులో సత్యం లేకపోలేదు. కానీ దయానిధి అన్వేషణ జీవితానికి అర్థాన్ని గురించినది. దాన్ని లక్షణంగా కుదించితే, నవల శీర్షికలో ఉన్న ప్రశ్న వైద్యసమస్యగా మిగిలిపోతుంది.

7. 'సమర్థత' - చట్టం చేసిన పఠనం:

సాహిత్యవిమర్శ వేయవలసిన ప్రశ్నను భారతీయ న్యాయవ్యవస్థ మరో సందర్భంలో వేసింది. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ మానసిక రుగ్మతను విడాకులకు ఒక కారణంగా పేర్కొంటుంది. 1988లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ఒక వ్యక్తికి స్కిజోఫ్రెనియా అని పేరు పెట్టినంత మాత్రాన సరిపోదని, రుగ్మత ఏ స్థాయిలో ఉందో పరిశీలించాలని స్పష్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక వ్యాజ్యంలో 2013లో అదే సూత్రాన్ని అనుసరించి, భార్యకు ఆ జబ్బు ఉందన్న కారణం చూపి భర్త కోరిన విడాకులను నిరాకరించింది. ఆమె చదువు పూర్తిచేసి ఉద్యోగం నిర్వహిస్తున్న వాస్తవాన్ని పరిగణించింది. ఈ తర్కానికీ ఒక పరిమితి ఉంది. ఉద్యోగం చేయగలగడం సమర్థతకు రుజువైతే, చేయలేని స్త్రీకి రక్షణ ఎక్కడ అన్న ప్రశ్న మిగులుతుంది. అయినా పేరును దాటి జీవితాన్ని చూసిన పఠనం అది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరో అడుగు ముందుకు వేసింది. సమాజపు నైతిక, సాంస్కృతిక విలువలకు భిన్నంగా ఉన్నందువల్ల ఎవరినీ మానసిక రోగిగా నిర్ణయించరాదని 3వ సెక్షన్ చెబుతుంది. గతంలో చికిత్స పొందడం ఒక్కటే ప్రస్తుత నిర్ధారణకు ఆధారం కాదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. 4వ సెక్షన్ చికిత్సకు సంబంధించిన నిర్ణయాలు తీసుకునే సామర్థ్యాన్ని నిర్వచిస్తూ, ఒక నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన ఆ వ్యక్తికి సామర్థ్యం లేదని అర్థం కాదని పేర్కొంటుంది. ఈ చట్టం దృష్టిలో సమర్థత మనిషికి శాశ్వతంగా అంటిపెట్టుకున్న గుణం కాదు. ఒక నిర్ణయానికి సంబంధించి పరిశీలించవలసిన విషయం.

ఈ అవగాహనతో గోపీచంద్ శీర్షిక వైపు తిరిగి చూస్తే కొత్త ప్రశ్నలు పుడతాయి. అసమర్థుడు - ఏ విషయంలో? ఏ కాలంలో? ఎవరి దృష్టిలో? డబ్బు లెక్కల్లో అసమర్థుడైనవాడు లోకపు కపటాన్ని పసిగట్టడంలో సమర్థుడు కావచ్చు. ఆ కపటాన్ని గుర్తించినవాడే తన ఇంట్లో భార్య బాధను గుర్తించడంలో ఘోరంగా విఫలం కావచ్చు. ఈ మూడవ మాట మరువరానిది. వ్యాధినామాన్ని తొలగించడం అంటే సీతారామారావును నిర్దోషిగా విడుదల చేయడం కాదు. రోగి అన్న మాట అతని బాధ్యతను కూడా కప్పివేస్తుంది. ఇందిర అనుభవించిన దుఃఖానికి కారణం 'కాంప్లెక్స్' అని రాసినప్పుడు ఆ దుఃఖానికి జవాబుదారీ లేకుండా పోతుంది. మనిషిగా చదివితేనే అతనిపై జాలి, అతనిపై విమర్శ రెండూ సాధ్యం.

8. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

(అ) మానసిక రోగనిర్ధారణ చికిత్సకు అవసరమైన ఒక అంచనా. అది లక్షణాలకు పెట్టిన పేరేగానీ జీవితానికి పెట్టిన పేరు కాదు. దాని ప్రమాణాలు కాలంతోపాటు మారుతూ వచ్చాయి.

(ఆ) 'అతనికి ఉంది' అన్న తెలుగు 'కి/కు' విభక్తి వ్యక్తికీ బాధకూ మధ్య పాటించిన ఎడాన్ని, వ్యాధినామాన్ని గుర్తింపుగా వాడే నేటి వాడుక చెరిపివేస్తోంది. విమర్శపరిభాష కూడా ఇదే దారిలో నడిచింది.

(ఇ) సీతారామారావు విషయంలో 'ఆత్మన్యూనత' అన్న మాట ప్రతిష్ఠను అప్పగించిన సమాజాన్ని విచారణ నుంచి తప్పించింది. భార్యపట్ల అతని బాధ్యతను కూడా మరుగుపరచింది.

(ఈ) దయానిధి కథ ముద్ర ఒక వ్యక్తితో ఆగక కుటుంబమంతటికీ పాకే తీరును చూపుతుంది.

(ఉ) 'ఏ విషయంలో, ఎప్పుడు, ఎవరి దృష్టిలో' అని చట్టం నేర్పుతున్న ప్రశ్నలు పాత్రవిశ్లేషణకూ పనికివస్తాయి.

పాత్రకు వ్యాధినామం పెట్టే విద్యార్థి ఆ పేరును వ్యాసం చివరి వాక్యంగా కాక మొదటి వాక్యంగా రాయగలిగితే విమర్శ అక్కడి నుంచి మొదలవుతుంది. తరగతిగదిలో ఈ నవలను వినే విద్యార్థుల్లో, మందులచీటీని పుస్తకాల సంచిలో దాచుకుని కూర్చున్నవారు ఉండవచ్చు. ఒక పాత్రను ఒక్క మాటతో ముగించేయవచ్చని వారు ఆ గదిలో నేర్చుకోకూడదు.